బియ్యపు గింజంత పేస్టు

నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ అన్న మాటకున్న బరువు మరెక్కడా లేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు ఊళ్లలో ఆ మాట వింటే వంగిన కాళ్లు, నిటారుగా నిలవని నడుములు, గోధుమరంగు చారలు పడ్డ పళ్లు గుర్తుకొస్తాయి. అలాంటి చోట మూడేళ్ల పిల్లవాడి పళ్లకు ఫ్లోరైడ్ ఉన్న పేస్టు పూయమని ఒక దంతవైద్యురాలు చెబితే ఇంటి పెద్ద ఊరుకుంటాడా? ఊరుకోకూడదనే నేనంటాను. ఆయన అడగాలి, ఆమె జవాబు చెప్పాలి. పట్నం నుంచి వచ్చిన సలహాను పల్లె తలూపి ఒప్పుకోనక్కర్లేదు. పాత గాయం ఉందని పిల్లల పళ్లను పుచ్చిపోనివ్వాల్సిన పనీ లేదు.

కింద మాట్లాడుకునే ఇద్దరూ నా కల్పన. మామ సైన్సు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు, మంచినీళ్ల కోసం జరిగిన ధర్నాల్లో ముందు వరుసలో కూర్చున్నవాడు. కోడలు పిల్లల దంతవైద్యం చదివి హైదరాబాదులో పనిచేస్తోంది. ఉద్యోగాల తిరుగుళ్లలో పిల్లవాడు కొంతకాలం తాత, నానమ్మల దగ్గరే పెరిగాడు. నా మొగ్గు ఎటో చదివేవాళ్లకు తెలిసిపోతుంది, దాన్ని దాచను. కానీ మామ వాదనలో బలం ఉంది, దాన్ని తగ్గించి రాయలేదు.

మామ: బిడ్డా, నువ్వు తెచ్చిన పేస్టు చూసిన. డబ్బా ఎనుక ఫ్లోరైడ్ అని ఉన్నది. మనింట్ల అది వద్దు. చిన్నోనికి నేను నల్లగొండల వేరేది కొన్న. ఫ్లోరైడ్ లేనిదని పెద్ద అక్షరాలతోటి రాసిండ్రు.

కోడలు: దాన్నీ చూశాను మామయ్యా. నురగ, తీపి వాసన తప్ప వాడికి దాంతో వచ్చే లాభం పెద్దగా లేదు. మీరొకసారి వాడి పై పెదవి ఎత్తి చూడండి. చిగురు అంచున ముందు పళ్ల మీద మెరుపు పోయిన తెల్ల గీత కనిపిస్తుంది. వెనక దవడ పళ్లలో రెండింటికి నల్ల గుంటలు పడ్డాయి.

మామ: తెల్ల గీతలు నాకు కొత్తగాదు. ఫ్లోరోసిస్ అట్లనే మొదలైతది. బడిల పిల్లల నోర్లు చూసుకుంటనే నా నౌకరి గడిచింది.

కోడలు: మీరు చూసినవి శాశ్వత దంతాల మీది గీతలు. అవి పన్నుకు అడ్డంగా, కుడి ఎడమ జతపళ్ల మీద ఒకే తీరుగా ఉంటాయి. వీడి గీత చిగురును అంటుకుని ఉంది, అదీ పై పళ్లకే. కింది ముందు పళ్లు శుభ్రంగా ఉన్నాయి చూడండి. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకు పుచ్చు ఇలాగే మొదలవుతుంది. పాలు పై పళ్ల చుట్టూ నిలిచిపోతాయి. కింది పళ్లను నాలుక కప్పుతుంది, లాలాజలం కూడా అక్కడే ఊరుతుంది కాబట్టి అవి బతికిపోతాయి.

మామ: పాలు తాగినందుకు పండ్లు పుచ్చుతయా? మీ అత్తమ్మ ఒక్క చెంచ చక్కెర ఏసేది. లేకుంటే వాడు ముట్టకపోయేది.

కోడలు: ఆ చెంచా చక్కెర పగలు అన్నంతో పాటు తింటే ఇంత నష్టం చేసేది కాదు. రాత్రి నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, కడిగేవాళ్లు ఉండరు. అత్తమ్మను ఒక్క మాట అనకండి. పసివాణ్ణి ఏడిపించకుండా పడుకోబెట్టడం ఎంత కష్టమో ఆమెకు తెలుసు. ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు, నేనూ ఫోనులో అడగలేదు.

మామ: సరే, సీస బంజేద్దం. పేస్టు సంగతి ఇడువ. నువ్వు పుచ్చు గురించి చెప్తున్నవు, నేను విషం గురించి చెప్తున్న. 1937ల షార్ట్ అనే డాక్టరు, ఆయనతోటి పనిచేసినోళ్లు, అప్పటి నెల్లూరు జిల్లల పొదిలి, దర్శి, కనిగిరి దిక్కు మనుషులను చూసి రాసిండ్రు. ఎముకలను గట్ల బిగబట్టింది నీళ్లల ఉన్న ఫ్లోరైడే అని. మన దేశంల గిట్లాంటి రాత అదే మొదలు. అప్పటి సంది మా ఊరికి కృష్ణ నీళ్ల నల్లా వచ్చేదాక ఎన్ని తరాలు గడిచినయో లెక్క చూసుకో. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తే, మేము 5 దాటిన బోర్ల నీళ్లు తాగి బతికినం. నా ఈడోళ్లు ముసలితనం రాకముందే కట్టె పట్టుకున్నరు. ఆడపిల్లల పండ్లు చూసి సంబంధాలు ఎనుకకు పోయినయి. ఆ పేరున్న వస్తువును నా చేతులతోటి మనుమని నోట్లె పెట్టుమంటవా?

కోడలు: మీరన్నదాంట్లో ఒక్క ముక్క కూడా కాదనను. తాగిన ఫ్లోరైడ్ రక్తంలో కలిసి ఎముకల్లోకి పోతుంది. దవడ లోపల ఇంకా తయారవుతున్న పన్నును చేరి, దాని పైపొర కట్టే కణాలను పాడుచేస్తుంది. అందుకే పన్ను మచ్చలతో బయటికొస్తుంది. ఒకసారి బయటికొచ్చాక ఆ పన్నుకు కొత్తగా ఫ్లోరోసిస్ రాదు. పేస్టులోది పన్ను పైన పనిచేసేది. పుండు మీద పూసే మందు తాగితే ప్రమాదమే, అట్లని పూయడం మానేస్తామా?

మామ: పూసుడు వేరు, తాగుడు వేరు అని పెద్దోళ్లకు చెప్పు. మూడేండ్ల పోరడు ఉమ్ముతడా? మింగుతడు. దానికితోడు తియ్యటి వాసన పెట్టిండ్రు.

కోడలు: మింగుతాడనే అనుకుందాం. పెట్టిందంతా మింగుతాడనే లెక్క వేద్దాం. మీరు సైన్సు సారు, మీరే వేయండి. ఈ పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం.

మామ: గ్రాముకు ఒక మిల్లీగ్రాము.

కోడలు: మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత పేస్టు పెట్టమంటారు. అది సుమారు గ్రాములో పదో వంతు.

మామ: అయితే 0.1 మిల్లీగ్రాము. పొద్దుగాల, రాత్రి కలిపితే 0.2.

కోడలు: మీరు తాగిన బోరు నీళ్లు లీటరుకు 4 మిల్లీగ్రాములు అనుకోండి, 5 కూడా వద్దు.

మామ: ఒక్క లీటరు నీళ్లు ఇరవై రోజుల పేస్టుతోటి సమానం.

కోడలు: అదీ ఇరవై రోజులూ ఒక్కసారి కూడా ఉమ్మకపోతే.

మామ: లెక్క ఒప్పుకుంట. కని టీవీల చూపెట్టేది ఎట్లున్నది? బ్రష్షు ఈ కొస నుంచి ఆ కొస దాక పేస్టు పిండుతరు. ఊర్ల తల్లులు చూసేది ఆ బొమ్మ, నీ బియ్యపు గింజ కాదు.

కోడలు: ఇక్కడ నేను మీ పక్కనే ఉన్నాను. అట్లా నిండా పిండితే గ్రాము దాకా వస్తుంది, అంటే పదింతలు. రోజూ అంత మింగే పిల్లలకు శాశ్వత దంతాల మీద మచ్చలు వచ్చే అవకాశం నిజంగానే ఉంది. మన ముందు పళ్లు దవడలో తయారయ్యేది సరిగ్గా ఈ వయసులోనే. మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత పెట్టవచ్చు. వీడికి మూడు నిండాయి, కానీ ఉమ్మడం ఇంకా సరిగా రాదు. అందుకని నేను బియ్యపు గింజ దగ్గరే ఆగుతాను. ఇంకో మాట, మీరు అడగకముందే చెబుతాను. 100 గ్రాముల ట్యూబులో 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. పిల్లల ఒంట్లోకి కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు ఒక్కసారే పోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. వీడు 14 కిలోలు, అంటే 70. ట్యూబు వాడి చేతికి అందే చోట ఉండకూడదు, పేస్టు పెట్టేది ఎప్పుడూ పెద్దవాళ్లే.

ఇక్కడ నేను కలగజేసుకోవాలి. మన దేశంలో టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదని నిబంధన ఉంది. పేస్టు ఎంత ఘాటుగా ఉండాలో చట్టం చెప్పింది, బ్రష్షు మీద ఎంత పెట్టాలో ప్రకటన చెబుతోంది. పిల్లల పేస్టు డబ్బా మీద బొమ్మలకు ఇచ్చిన చోటులో సగం ఇచ్చినా గింజంత పేస్టు బొమ్మ వేయవచ్చు. మామకు కోపం రావడంలో తప్పేమీ లేదు.

మామ: ఇంకొకటి అడుగుత. మా అమ్మ కచ్చికతోటి తోమేది, మా నాయిన వేపపుల్ల నమిలేటోడు. వాళ్లకు పేస్టు తెల్వది. గారపండ్లే గాని పుచ్చుపండ్లు నేను చూసింది తక్కువ. మరి పేస్టు లేకుంటె బతుకే లేనట్టు చెప్తున్నవు.

కోడలు: వాళ్లు ఏం తిన్నారో కూడా చెప్పండి.

మామ: జొన్న రొట్టె, గటుక, అంబలి. పండుగకు బెల్లం.

కోడలు: అదీ సంగతి. నోట్లో ఉండే సూక్ష్మజీవులు చక్కెరను తిని ఆమ్లం వదులుతాయి. పన్ను పైన పీహెచ్ 5.5 కిందికి దిగితే పన్నులోంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగిపోతాయి. తిండి ఆగాక లాలాజలం మెల్లగా వాటిని వెనక్కి తెచ్చి పెడుతుంది. అరగంటో, ఇంకొంచెం ఎక్కువో పడుతుంది. రోజుకు రెండు మూడు సార్లు తినే ఇంట్లో పన్నుకు కోలుకునే సమయం దొరికేది. గంటకోసారి బిస్కెట్టు, కురుకురే, చాక్లెట్టు తినే పిల్లవాడి పన్నుకు ఆ సమయం దొరకదు. ఎంత తీపి తిన్నాడన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నాడన్నదే ముఖ్యం.

మామ: ఇది ఎవరన్న పరీక్ష చేసి చెప్పిందా, ఊరికె అంటున్నరా?

కోడలు: చేశారు. చేసిన తీరు మాత్రం ఘోరం. స్వీడన్‌లో లుండ్ దగ్గర విపెహోల్మ్ అనే సంస్థలో, 1940ల చివర్లో, మానసిక వైకల్యం ఉన్నవాళ్లకు పళ్లకు అంటుకునే టాఫీలు అదేపనిగా తినిపించి చూశారు. వాళ్లను అడగలేదు, వాళ్ల పళ్లు పోయాయి. భోజనంతో పాటు తిన్న తీపి పెద్దగా చెరుపు చేయలేదని, మధ్యమధ్య తిన్న అంటుకునే తీపి నాశనం చేసిందని అక్కడే తేలింది. ఆ సంగతి మా చదువులో చెప్పేటప్పుడు ఆ మనుషుల గురించి కూడా చెప్పాలని నేను అంటూ ఉంటాను.

మామ: నోరు లేనోళ్ల మీదనే చేస్తరు అన్ని.

కోడలు: అవును మామయ్యా. వాళ్ల పళ్లు పోయి తెలిసిన సంగతిని మనం పట్టించుకోకపోతే అది ఇంకో అన్యాయం. మీరు సాయంత్రం వాడికి టీలో బిస్కెట్టు ముంచి పెడతారు కదా.

మామ: కొంచెమే పెడుత. ఒక్క గుక్క.

కోడలు: టీ మొక్క మట్టిలోంచి ఫ్లోరైడ్‌ను లాగి ఆకులో దాచుకుంటుంది. చిన్న కప్పు టీలో బియ్యపు గింజంత పేస్టులో ఉన్నంత ఫ్లోరైడ్, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటుంది. టీలోది నేరుగా కడుపులోకి పోతుంది, చక్కెర పన్ను మీద మిగులుతుంది. మీరు దేనికి భయపడుతున్నారో అది టీలోనూ ఉంది, దాని పక్కన లాభం లేదు.

మామ: ఇది మాత్రం నాకు ఎవలూ చెప్పలే. టీ ఇయ్యాల్టి సంది బంద్.

సీసా తర్వాత మామ ఇంత తొందరగా ఒప్పుకున్నది ఈ ఒక్క విషయమే. చక్కెర మాటకొస్తే, అంగన్‌వాడీలో పిల్లలకు ఇచ్చే బాలామృతం పొడిలోనూ అది ఉంటుంది. దాన్ని మానేయమని నేను చెప్పను. ఆకలి, బలహీనత ముందు పుచ్చు చిన్న సమస్య. ఒక పూట తిండిగా కలిపి పెట్టి నీళ్లు తాగించడం ఒక తీరు, పొద్దంతా పొడిని చేతిలో పోసి నాకిస్తూ ఉండటం ఇంకో తీరు. పిల్లలకు రోజుల తరబడి పట్టే తీపి సిరప్పుల విషయమూ ఇంతే, రాత్రి పళ్లు తోమాక పట్టకూడదు.

మామ: ఒక మాట అడగాలె. అమెరికల ఈ ఫ్లోరైడ్‌ను కావాలని నీళ్లల కలుపుతరంట గదా. మేము తీసేయాలని కొట్లాడితే వాళ్లు పోస్తున్నరు. దీనికేమంటవు?

కోడలు: అది మీ వాదనకూ పనికొస్తుంది, నా వాదనకూ పనికొస్తుంది. కొలరాడో స్ప్రింగ్స్‌లో మెకే అనే దంతవైద్యుడు 1901లో ప్రాక్టీసు పెట్టాడు. అక్కడివాళ్ల పళ్ల మీద మన నల్లగొండ మచ్చలే. ఏళ్ల తరబడి దానికి కారణం వెతికాడు. 1931లో ఒక అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రవేత్త నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని తేల్చాడు. అయితే మెకే ఇంకోటి కూడా గమనించాడు, ఆ మచ్చల పళ్లు పుచ్చడం తక్కువ. ఎంత ఉంటే మచ్చ రాదు, ఎంత ఉంటే పుచ్చు తగ్గుతుంది అని వెతుక్కుంటూ పోయి 1945లో గ్రాండ్ రాపిడ్స్ ఊరి నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము లెక్కన కలిపారు.

మామ: అంటే మచ్చలున్న పన్ను గట్టిదని ఒప్పుకుంటున్నవు.

కోడలు: కొంచెం మచ్చ ఉన్న పన్ను వరకే. మీ బోర్ల నీళ్లలాగా ఎక్కువైతే పన్ను గుల్లబారి పెళుసవుతుంది, పొర ఊడిపోతుంది, అందులో పుచ్చు కూడా పడుతుంది. మన దగ్గర నీళ్లలో కలపమని నేను ఎన్నడూ అనను. ఫ్లోరైడ్ రాయిలోనే ఉన్న చోట, ఎండలకు మనుషులు ఎక్కువ నీళ్లు తాగే చోట అది పనికిరాదు. పన్నుకు మేలు చేసేది రోజూ పైన తగిలే కొద్దిపాటి ఫ్లోరైడే అని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. కడుపులోకి పోకుండా పన్నుకు తగిలించే మార్గం పేస్టు. నీళ్లలో వద్దన్నవాళ్లు పేస్టును కోరుకోవాలి.

మామ: మాటకు మాట బాగనే చెప్తున్నవు. అయితే పాలపండ్లకు ఇంత కథ అవసరమా? రాలిపోయేటియే గదా. ఊడినయి పేడల పెట్టి ఇంటి మీద ఇసిరేస్తం, కొత్తయి వస్తయి.

కోడలు: ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి. వెనక దవడ పళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. మూడేళ్లకే పుచ్చితే ఎనిమిదేళ్లు దేంతో నములుతాడు? పాలపన్ను పైపొర పలచన, లోపలి నరం పెద్దది. నల్ల మచ్చ కనిపించిన కొన్ని నెలల్లోనే నరం దాకా పోతుంది. నొప్పితో ఒక పక్కనే నమిలి, బువ్వ వద్దని, రాత్రి లేచి ఏడ్చే పిల్లల్ని నేను రోజూ చూస్తాను. చీము వేర్ల కింద చేరితే అక్కడ తయారవుతున్న శాశ్వత దంతానికే దెబ్బ. ముందే పీకేస్తే పక్క పన్ను ఆ ఖాళీలోకి జరిగి, కొత్తదానికి దారి ఉండదు.

మామ: ఇది విన్న.

కోడలు: ఇది మాత్రం విని ఉండరు. ఆరేళ్లప్పుడు నాలుగు పెద్ద దవడ పళ్లు వస్తాయి. ఏ పాలపన్నూ ఊడకుండా, అన్నిటికంటే వెనక, చప్పుడు లేకుండా వస్తాయి. ఊడి వచ్చింది కాదు కాబట్టి ఇదీ పాలపన్నే అనుకుంటారు. పుచ్చినా, రాలిపోయేదే కదా అని ఊరుకుంటారు. అవి జీవితాంతం ఉండాల్సినవి. నా దగ్గరికి తొమ్మిదేళ్ల పిల్లలు వస్తారు, ఆ పన్ను సగం విరిగి ఉంటుంది. తల్లి అడుగుతుంది, డాక్టరమ్మా, ఇది పోతే మళ్లీ వస్తుంది కదా అని. నాకు జవాబు చెప్పబుద్ధి కాదు.

మామ: మా బడిల పిల్లలకు ఇది నేను చెప్పి ఉండాలె. పుస్తకంల దంత సూత్రం ఉండె, ఆరేండ్ల పన్ను ముచ్చట లేకుండె.

మామ ఇక్కడ కొంతసేపు ఏమీ అనలేదు. ఈలోగా నానమ్మల వైద్యం గురించి ఒక్క మాట. పిప్పి పన్నులో పురుగు ఉంటుందని, వాకుడు గింజల పొగ పట్టిస్తే అది రాలి పడుతుందని మన ఊళ్లలో ఇప్పటికీ నమ్మేవాళ్లు ఉన్నారు. పొగకు రాలేవి పురుగులు కావు, గింజల ముక్కలు. పుచ్చు చేసేది కంటికి కనబడని సూక్ష్మజీవి. అది చాలా వరకు ఇంటివాళ్ల నోటి నుంచే, ఎంగిలి చెంచాల ద్వారా, ముద్దుల ద్వారా పిల్లవాడికి చేరుతుంది. కాబట్టి పెద్దవాళ్ల పుచ్చుపళ్లకు వైద్యం చేయించడం కూడా పిల్లవాడి పళ్ల సంరక్షణే.

మామ: వాడు బ్రష్షు పట్టుకుంటె నమిలి పారేస్తడు. ఎవరు తోమాలె?

కోడలు: మీరు, లేకపోతే నేను. ఏడెనిమిదేళ్ల దాకా పిల్లల చేయి వెనక పళ్ల దాకా సరిగ్గా తిరగదు. వాణ్ణి వాడి సరదాకు తోముకోనివ్వండి, తర్వాత మీరు తోమండి. తల మీ ఒళ్లో పెట్టుకుని, పెదవి ఎత్తి, చిగురు అంచు నుంచి మెల్లగా. వేపపుల్ల మీకు మంచిదే, వాడికి వద్దు, గొంతులో గుచ్చుకుంటుంది. పొద్దున తప్పినా రాత్రి తప్పొద్దు. తోమాక మిగిలింది తుడిచేయండి, నీళ్లు పోసి పుక్కిలించడం అక్కర్లేదు.

మామ: వెనక ఆ రెండు నల్ల పండ్లకు ఏం చేస్తవు? మత్తు ఇచ్చి చెక్కుతవా?

కోడలు: ఒకటి లోతుగా ఉంది, ఎక్స్‌రే చూడాలి, దానికి స్టీలు క్యాపు వేయాల్సి రావచ్చు. రెండోదానికి ఒక మందు పూయవచ్చు. వెండి కలిసిన ఫ్లోరైడ్ ద్రావణం, సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అంటారు. సూది లేదు, చెక్కడం లేదు. పుచ్చు చాలావరకు అక్కడే ఆగుతుంది. జపాన్‌లో 1970 నుంచి వాడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది, ఫ్లోరైడ్ టూత్‌పేస్టుతో పాటే.

మామ: దాంట్ల ఫ్లోరైడ్ ఎంత?

కోడలు: దాచను. 44,800 పీపీఎం.

మామ: వెయ్యికి ఇంత లెక్క చెప్పి, నలభై నాలుగు వేలు పూస్తనంటవా!

కోడలు: పూసేది ఒక్క చిన్న చుక్క, గుంటలోనే. ఆ చుక్కలో 1 నుంచి 2 మిల్లీగ్రాములు, అదీ అంతా కడుపులోకి పోదు. ఏడాదికి రెండుసార్లు. మీ పాత బోరు నీళ్లు వాడు ఒక్క రోజు తాగితే అంతకంటే ఎక్కువ. ఇది నాకు సమస్యగా తోచదు. నాకు తోచే సమస్య వేరే ఉంది. పూసిన చోట పుచ్చు బొగ్గులా నల్లబడి అట్లాగే ఉండిపోతుంది.

మామ: నల్లగ! మా బిడ్డల పండ్లు గోధుమరంగు ఉన్నయని తలకాయ దించుకొని నవ్విండ్రు బిడ్డా, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని. ఇప్పుడు డాక్టరే వచ్చి పండ్లకు నలుపు పూస్తదా? మందు మంచిదే గావచ్చు. ఈ ఊర్ల పండ్ల మీద రంగు అంటే ఏందో నీకు తెల్వది.

కోడలు: మీరు చెబుతుంటే తెలుస్తోంది. అందుకే ముందు పళ్లకు నేను పూయను, తల్లి తనంతట తాను కోరితే తప్ప. వాటికి పంటి రంగులో ఉండే సిమెంటు వేయవచ్చు. వీడి ముందు పళ్లు ఇంకా గుంట పడలేదు. తెల్ల గీత దగ్గరే ఉన్నాయి. సీసా మాని, రోజుకు రెండుసార్లు ఆ గింజంత పేస్టుతో తోమితే మళ్లీ గట్టిపడే అవకాశం ఉంది. వెనక దవడ ఎవరికీ కనిపించదు.

మామ: వెనకదానికి పూయి. ముందటియి నువ్వన్నట్టు పేస్టుతోటి చూద్దం. కని నాకొక మాట ఇయ్యాలె. వీడు కృష్ణ నీళ్లు తాగుతున్నడు, వీనికి నీ లెక్క సరిపోతది. గుట్ట కింద తండల నల్లా వారం రోజులు రాకుంటె మళ్ల బోరే గతి. ఎండకాలం అయితే ఇగ చెప్పొద్దు. ఆ పిల్లలకు కూడ ఇదే పేస్టు అని మీటింగుల చెప్తవా?

కోడలు: చెప్పను. బోరు నీళ్లు తాగే పిల్లలకు ముందు నీళ్లు మారాలి. నీళ్ల పరీక్ష కాగితం చూసి, ఆ పిల్లల నోళ్లు చూసి అప్పుడు పేస్టు సంగతి చెబుతాను. 1.5 దాటిన నీళ్లు తాగుతున్న చోట, పుచ్చు లేని చిన్నపిల్లలకు ఫ్లోరైడ్ పేస్టు కోసం నేను పట్టుబట్టను. అక్కడ మీరు కొన్న ఫ్లోరైడ్ లేని పేస్టునే వాడుకోమంటాను.

మామ: నీళ్లు కాగబెడితే పోతదనుకుంటున్నరు చానమంది.

కోడలు: కాగబెడితే నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. అది మీరే వాళ్లకు చెప్పాలి, మీ మాట వింటారు. పటిక, సున్నం వేసి తేర్చే నల్లగొండ పద్ధతి మీకు తెలుసు.

నాగపూరులోని నీరి సంస్థ రూపొందించిన ఆ పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే ఉంది. ఈ జిల్లా పేరుతో ఒక పరిష్కారం ఆఫ్రికా దాకా పోయింది. ఇక్కడి తండాలో పిల్లవాడు ఇంకా బోరు నీళ్లు తాగుతున్నాడంటే లోపం శాస్త్రంలో లేదు.

మామ: అట్లయితే నా షరతు ఇది. అంగన్‌వాడీల తల్లుల మీటింగు పెడితే, ముందు ఆ ఊరి నీళ్ల పరీక్ష కాయితం గోడకు అంటించాలె. దాని పక్కన బియ్యపు గింజ బొమ్మ. కాయితం లేని ఊర్ల నువ్వు పేస్టు మాట ఎత్తొద్దు.

కోడలు: ఒప్పుకుంటాను. కానీ కాగితం రాలేదని పెదవి ఎత్తి చూడటం మాత్రం ఆపను. పుచ్చు ఉందో లేదో చూడటానికి, రాత్రి సీసా మానమనడానికి నీళ్ల పరీక్ష అక్కర్లేదు. బడి పిల్లల ఆరోగ్య పరీక్షలకు వచ్చే ప్రభుత్వ బృందాలు పళ్లు కూడా చూడాలి, అది వాళ్ల జాబితాలో ఉన్నదే. వాళ్లు వచ్చిన రోజు మీరు దగ్గరుండి చూపించండి.

మామ: ఉంట. తండల నాలుగు బోర్లున్నయి, నీళ్ల నమూనాలు నేనే పట్టుకపోత. నీకు సెలవు ఎప్పటి దాక?

కోడలు: ఆదివారం దాకా.

మామ: అయితే శనివారం మీటింగు పెట్టుమని అంగన్‌వాడీ టీచరుకు చెప్త. కాయితం అప్పటికి రాదు. నువ్వు సీస గురించి, ఆరేండ్ల పన్ను గురించి చెప్పు. పేస్టు సంగతి మళ్ల వచ్చినప్పుడు.